దొంగల ఓడ తరఫు వకీలు

పోయిన నెల నల్లగొండ నుంచి జలీల్ మా కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి, "సారూ, వకీల్ సాబ్ పోయిండు," అని చెప్పినప్పుడు నా నోటి నుంచి ముందుగా వచ్చిన మాట, "ఎవరితోనన్న వాదిస్తుంటె పోయిండా?" అని.

"లేదు సార్. పగటీలి అన్నం తిని పండుకున్నడంట. మల్ల లేవలే."

"నమ్మబుద్ధి అయితలేదు జలీల్."

"నాకు గూడ," అన్నాడు.

చనిపోయినవాళ్లను తలచుకోగానే మంచి సంగతులే గుర్తుకు రావాలంటారు. నాకు మాత్రం ఆయన కుడిచేతి బొటనవేలు గుర్తుకొచ్చింది. మా ఆట పుస్తకంలో తాను వాదిస్తున్న పేజీ దగ్గర ఆ వేలు దూర్చి, పుస్తకం మూసి, ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ వాదం తేలేదాకా పుస్తకం ఇంకెవరికీ దక్కేది కాదు. ఆట నడిపించాల్సినవాణ్ని నేను. నేను చూసుకోవాల్సిన పుస్తకం ఆయన ఒళ్లో ఉండేది.

ఆ ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఎనభైల చివర్లో నేను నల్లగొండ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ని. మాది ఆత్మకూరు. నల్లగొండలో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. నేను కిరాయికున్న గది కిందనే జలీల్ రేడియో రిపేరు దుకాణం. సామాన్ల కోసం హైదరాబాదు పోయినప్పుడల్లా అతను ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలు తిరగేసేవాడు. ఒకసారి అట్ట నిండా మీటలూ తెరలూ ఉన్న బొమ్మ చూసి, ఏదో ట్రాన్స్‌మీటర్ల పుస్తకమనుకుని ఒక డబ్బా పట్టుకొచ్చాడు. విప్పి చూస్తే అది ఆట.

బల్ల మీద ఆడేదే కాని, క్యారమ్ లాంటిది కాదు, చదరంగం లాంటిదీ కాదు. ఆడేవాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకోవాలి. ఆ మనుషులంతా ఒకే అంతరిక్ష ఓడలో తిరుగుతుంటారు. ఒకడు రెఫరీగా కూర్చుని, "మీరు ఫలానా గ్రహం దగ్గరికి వచ్చారు, ఎదురుగా దొంగల ఓడ ఉంది, ఏం చేస్తారు?" అని కథ నడుపుతాడు. ఏం చేస్తారో మిగతావాళ్లు చెప్తారు. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఓడలు కొట్లాడుకునేటప్పుడు మాత్రం తేనెపట్టులాంటి గడుల కాగితం పరిచి, అట్టముక్క ఓడలు పెట్టి, ఒక విడత వీళ్లు, ఒక విడత వాళ్లు జరపాలి, పేల్చాలి, దెబ్బతిన్నవి బాగుచేసుకోవాలి. దేనికెంత, ఎప్పుడు, ఎలా అన్నది పుస్తకంలో చీమలబారులాంటి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆ ఇంగ్లీషు చదివి చెప్తానని ఒప్పుకున్న పాపానికి రెఫరీ పని నాకు అంటగట్టారు.

జలీల్ కెప్టెన్ అయ్యాడు. మా గల్లీలోనే తల్లితో ఉండే సుజాత సర్కారు దవాఖానలో నర్సు. టేప్‌రికార్డరు బాగుచేయించుకోవడానికి వచ్చి ఆటలో కూర్చుంది. ఓడలో డాక్టరువు నువ్వేనంటే ఒప్పుకోలేదు. "పొద్దంత చేసేది గదే. ఈడ గూడ సూదులేనా? నేను తుపాకి పడత," అంది. ఓడకు 'డిండి' అని పేరు పెట్టింది కూడా ఆమే. ఇక డిండిని నడపడానికి పైలట్ కావాలి. జలీల్ తనకు తెలిసిన ఒక వకీలు పేరు చెప్పాడు. "మస్తు తెలివిగలాయన సార్. రూల్స్ అంటే పానం ఇస్తడు," అన్నాడు.

ఆ మాటకు నేను అప్పుడే భయపడి ఉండాల్సింది.

ఆయన యాభైకి దగ్గర పడ్డ మనిషి. మునుగోడు వైపు పల్లెలో పుట్టాడు. ఫ్లోరైడు నిండిన అక్కడి బావి నీళ్లు తాగి పెరిగినవాళ్లందరిలాగే పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిపోయిన నడుము. మెడ తిరిగేది కాదు. పక్కవాళ్లతో మాట్లాడాలంటే కుర్చీతో సహా తిరిగేవాడు. వాదన రాబోతోందని మాకు అలాగే తెలిసేది. గచ్చు మీద కుర్చీకాళ్లు కిర్రుమనగానే సుజాత చేతిలోని పాచికలు కింద పెట్టేసి, "ఓ యేసయ్యా, తిరుగుతున్నడు," అనేది.

ఆదివారం మధ్యాహ్నం జలీల్ దుకాణం సగం షట్టరు దించి ఆడేవాళ్లం. ఆయన లూనా మీద వచ్చేవాడు. ఇంజన్ ఆపకముందే బయటినుంచి వాదన మొదలయ్యేది. పోయిన వారం మేము తేల్చేశామనుకున్న సంగతి ఆయనకు వారమంతా తేలకుండా ఉండేది మరి. చాయ్ తెప్పిస్తే గ్లాసు పట్టుకుని మాట్లాడుతూనే ఉండేవాడు. అది చల్లారేది. అప్పుడొక గుటక వేసి, "చల్లటి చాయ్ తెచ్చినవేంది జలీలూ," అనేవాడు. జలీల్ మళ్లీ తెప్పించేవాడు. అదీ చల్లారేది.

"రాసింది చదువుండ్రి. రాయనిది చదువకుండ్రి," అన్నది ఆయన మూలమంత్రం. ఇంకొకటి, "జర ఆగు, దానికి వస్త." నేనేదైనా అడ్డు చెప్పినప్పుడల్లా ఆ మాట అనేవాడు. దానికి ఎన్నడూ వచ్చేవాడు కాదు.

మొదటి పెద్ద తగాదా ఇంజన్ మీద వచ్చింది. దొంగల గుండు తగిలి డిండి ఇంజన్ చెడిపోయింది. ఇంజన్ చెడిన ఓడ ఆ విడత కదలకూడదని పుస్తకంలో ఉంది. ఆయన మాత్రం అట్టముక్కను ఉన్నచోటే గిర్రున తిప్పి, ముక్కు దొంగల ఓడ వైపు పెట్టి, "సిస్టరమ్మా, ఇగ పేల్చు," అన్నాడు.

"ఆగుండ్రి వకీల్ సాబ్. ఓడ కదలొద్దు," అన్నాను.

"కదల్లే. తిరిగింది."

"తిరిగితె కదిలినట్టే గద!"

కుర్చీ కిర్రుమంది. "గానుగెద్దు పొద్దంత తిరుగుతది పంతులూ. ఏ ఊరికి పోయిందో చెప్పు."

తిరగడం కూడా చలనమేనని, దాన్ని భ్రమణమంటారని, నేను రోజూ పాఠం చెప్పేది అదేనని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని ఓపిగ్గా విన్నాడు. "నీ పాఠం మంచిదే. గది గీ పుస్తకంల ఉన్నదా?"

లేదు. ఉంటే ఈ గోలే లేదు. జలీల్ ఇద్దరికీ సర్దిచెప్పబోయాడు. సుజాత తన పాత్ర వివరాల చీటీలో ముగ్గులు వేయడం మొదలుపెట్టింది. ఆ వాదం ఆ ఆదివారం తేలలేదు, వచ్చే ఆదివారమూ తేలలేదు. చివరికి నేను విసిగిపోయి, "సరే, తిరగొచ్చు," అన్నాను. అప్పుడాయన ఏమన్నాడో తెలుసా? "నువ్వు అలిసిపోయి ఒప్పుకున్నవు. అది తీర్పు కాదు. సరింగ ఆలోచించి చెప్పు," అని అట్టముక్కను మళ్లీ వెనక్కి తిప్పి పెట్టాడు. సుజాత అక్కడినుంచి లేచి బయటికి వెళ్లి మొహం కడుక్కుని వచ్చింది.

నా వంతు తెలివి నేనూ చూపించాను. యుద్ధం అధ్యాయం మొత్తాన్ని తెలుగులో రాసి, సందేహాలు వచ్చే చోట నా తీర్పులు కూడా అందులోనే కలిపేసి, సైక్లోస్టయిల్ చేయించి తలా ఒకటి పంచాను. ఆయన తన ప్రతిని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, చాయ్ గ్లాసు కింద పెట్టుకున్నాడు. "తర్జుమా బాగనే ఉన్నది. కని చెల్లదు. అసలు తే," అని చెయ్యి చాపాడు. నేను అసలు ఇచ్చాను. బొటనవేలు అందులో దూరింది.

అయినా ఆట సాగింది. ఎందుకు సాగిందంటే నిజంగా బాగుండేది గనక. ఆ సగం దించిన షట్టరు వెనక, విప్పి పెట్టిన టీవీల మధ్య, మేము ఊళ్లో లేము. దొంగల నాయకురాలి పెద్ద ఓడ ఒకటి మమ్మల్ని ఏడాదిగా తరుముతూ వచ్చింది. డిండి అతుకులబొంత అయింది. జలీల్ కల్పించిన కెప్టెన్‌కు ఒక కన్ను పోయింది. ఆ పెద్ద ఓడను ఎప్పటికైనా పేల్చేయాలని సుజాత పంతం పట్టింది. డ్యూటీలు మార్చుకుని మరీ వచ్చేది.

చివరికి ఆ రోజు వచ్చింది. ఎండాకాలం, ఫ్యాను తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. రెండు ఓడలూ సగం చచ్చి ఎదురెదురుగా ఉన్నాయి. ఇంకొక్క దెబ్బ ఎవరికి తగిలితే వాళ్లు పోతారు. సుజాత పాచికలను రెండు చేతుల్లో మూసుకుని, కళ్లు మూసుకుని, వదిలింది. రెండింటి మీదా ఆర్లు.

జలీల్ అరిచిన అరుపుకు పక్క కిరాణం ఆయన వచ్చి షట్టరు కింద నుంచి తొంగిచూశాడు. సుజాత నవ్వుతూనే ఉంది, కళ్ల వెంట నీళ్లు. జలీల్ మిర్చిబజ్జీలు తెప్పించాడు. నేను పెద్ద ఓడ అట్టముక్కను తీసేయబోతున్నాను.

కుర్చీ కిర్రుమంది.

"సిస్టరమ్మా, నీ తుపాకి ఎప్పుడు బాగయింది?"

తుపాకి కిందటి విడత దెబ్బతింది. దాన్ని ఈ విడతలోనే, ఇందాకనే, బాగుచేసుకున్నాం. బాగుచేసిన తుపాకిని అదే విడతలో పేల్చరాదు. ఆ నియమం ఉంది. ఉత్సాహంలో అందరమూ మరిచిపోయాం. ఆయన ఒక్కడే, గెలిచిన పక్షంలో కూర్చుని, వేలు పెట్టి ఉన్న పేజీ తెరిచాడు.

"పోనియ్యుండ్రి వకీల్ సాబ్," అన్నాను. "నేను రెఫరీని. నేను ఒప్పుకుంటున్న. తగిలింది."

"నువ్వు ఒప్పుకుంటె ఎట్లయితది? పోయిన ఆదివారం వాళ్ల తుపాకి బాగయినప్పుడు గిదే రూలు చెప్పి మనమే ఆపినం. నేనే ఆపిన. వాళ్లకొక రూలు, మనకొక రూలా?"

"వాళ్లెవరు?" సుజాత గొంతు పెరిగింది. "ఎవరు వాళ్లు? దొంగలు లేరు వకీల్ సాబ్! ఆ ఓడ లేదు! గది అట్టముక్క!"

ఆయన ఆమె వైపు పూర్తిగా తిరిగాడు. "లేనోళ్లకైతె అన్యాయం చెయ్యొచ్చునా బిడ్డా?"

"నేను ఆడుకోను వచ్చిన. న్యాయం కోసం రాలే."

"వాళ్ల దిక్కు మాట్లాడెటోడు ఈడ ఎవరున్నరు చెప్పు. పంతులు వాళ్ల ఓడ జరుపుతడు, కని ఆయన మనసంత మన దిక్కే. ఇగ వాళ్లకెవరు?"

కొట్టేయాలనిపించింది. నిజంగా చెప్తున్నాను. ఏడాది ఆదివారాలన్నీ ఆయన మా ప్రాణాలు తోడింది చాలక, గెలిచిన రోజున కూడా. కాని ఆ నియమం ఉంది. అందరికీ కనబడేలా పేజీ తెరిచి పెట్టాడు. నేను సుజాత మొహం చూడకుండా పాచికలు తీసుకుని దొంగల ఓడ తరఫున వేశాను. తగిలింది. డిండి పోయింది.

సుజాత సంచీ తీసుకుని వెళ్లిపోయింది. బజ్జీలు వచ్చాయి. ఎవరూ ముట్టలేదు. ఆయన మాత్రం ఒకటి తీసుకుని, కొరికి, "జర కారం ఎక్కువైంది," అన్నాడు. దుఃఖం ఆయనకూ ఉందని అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడైనా ఖచ్చితంగా చెప్పలేను.

తర్వాత కొన్ని వారాలు ఆట లేదు. ఆపైన బదిలీల కాలం వచ్చింది. సుజాత, ఆమె పనిచేసే చోటే ఇంకో నర్సు ఒకే సమయంలో చేరినవాళ్లు. ఇద్దరిలో ఒకరు అచ్చంపేట పోవాలి. కాగితం సుజాత పేరున వచ్చింది. ఆమె తల్లికి మోకాళ్లు కదలవు, బీపీ, షుగరు. నల్లగొండలో అయితే చుట్టుపక్కల ఆమె చర్చివాళ్లు ఉన్నారు, ఒకరు కాకపోతే ఒకరు చూసుకుంటారు. అచ్చంపేటలో ఎవరున్నారు? కోర్టులో వేస్తే ఆగుతుందని ఎవరో చెప్పారు. అంత కోపంలోనూ ఆమె వకీలు ఇంటికే పోదామంది. "గంత సతాయించే మనిషి నా దిక్కు ఉంటె గవర్నమెంటు గూడ పారిపోతది," అంది. నేను తోడు వెళ్లాను.

ఆయన ఉత్తర్వునూ, దాని వెంట ఉన్న బదిలీ నియమాలనూ తీసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. బొటనవేలు ఒకచోట ఆగింది.

"ముసలి తల్లిదండ్రులు బీమారైతె మినహాయింపు ఇయ్యవచ్చు అని ఉన్నది," అన్నాడు.

"అదే సార్. మా అమ్మ..."

"జర ఆగు. దాని కింద చూడు. చిన్న పిల్లలున్న విధవలకు మినహాయింపు ఇయ్యవలెను అని ఉన్నది. ఆ రెండో నర్సు ఎవరు?"

సుజాత చెప్పింది. "అండాలు. ఆయన పోయి రెండేండ్లయింది. పిల్లలు చిన్నోళ్లే."

"మరి ఆమెను పంపరాదు. నిన్ను పంపవచ్చు."

"గది ఆఫీసోళ్లు చూసి పంపలే. వాళ్లకేం తెలువదు. చిట్టీ తీసినట్టు తీసిండ్రు," అన్నాన్నేను. "మీరు కేసు వేస్తే ఆగుతదా, ఆగదా?"

"ఆగుతది," అన్నాడు వెంటనే. "అవుతల గవర్నమెంటు ప్లీడరు గింత లోపలికి చదివే మనిషి కాదు. తప్పకుంట ఆగుతది. అప్పుడు ఆ అండాలు పోవాలె."

"మీకు కేసు తెచ్చింది నేనా, అండాలా?" అంది సుజాత.

"నువ్వే బిడ్డా."

"మరి ఆమె దిక్కు ఎందుకు మాట్లాడుతున్నరు?"

"ఆమె ఈడ లేదు గనుక."

లోపలినుంచి ఆయన భార్య, మేము వదినె అని పిలిచే మనిషి, మంచినీళ్లు తెచ్చి మా మొహాలు చూసి అలాగే నిలబడిపోయింది.

"నేను వెయ్యలేను," అన్నాడాయన. "వేరే వకీలు పేరు చెప్త. మంచోడు. నాకంటె బాగ వాదిస్తడు. ఆయనకు గీ లైను చూపియ్యకు, నీ పని అయితది. నేను చదివిన. చదవనట్టు ఉండుడు నాతోని కాదు."

సుజాత లేచి నిలబడింది. నేను ఆమెను అంత కోపంగా అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. "మీరు చెప్పకపోయి ఉంటె పోయేదాన్ని సార్, ఇంకో వకీలు కాడికి. ఇప్పుడు చెప్పినంక ఎట్ల పోత? పొద్దున లేస్తె అండాలు మొహం చూడాలె నేను. మీరు చదివిండ్రు, మంచిగనే ఉన్నది. నాతోని ఎందుకు చదివిచ్చిండ్రు?"

దారిలో రిక్షాలో సుజాత అంది, "ఒక్క అబద్ధం ఆడితె ఆయన సొమ్మేం పోతుండె?" నేనూ అదే అనుకుంటున్నాను.

ఆమె అచ్చంపేట వెళ్లింది. తల్లిని బస్సు ఎక్కించడానికి నేనూ జలీలూ ఇద్దరం కలిసి కుర్చీలో మోయాల్సి వచ్చింది. అక్కడ ఇల్లు దొరకడానికే చాలా కష్టపడింది. ఆమె డ్యూటీలో ఉన్నంతసేపు తల్లి తలుపు గొళ్లెం పెట్టుకోలేక, తెరిచిపెట్టలేక, భయపడుతూ కూర్చునేదట. వకీలు సంగతి ఎవరెత్తినా సుజాత ఉత్తరాల్లో ఒక్క ముక్క రాసేది కాదు. ఆటడబ్బా జలీల్ దుకాణంలో పాత పిక్చర్‌ట్యూబుల వెనక్కి పోయింది. అండాలుకు ఈ సంగతేమీ తెలియదు.

తర్వాత నేను కూడా మహబూబ్‌నగర్ వచ్చేశాను. కొన్నేళ్లకు సుజాత వంతు వచ్చి నల్లగొండ తిరిగి వచ్చింది. తల్లి నడవలేకపోయినా బతికే వచ్చింది. ఆ ఏడే వకీలు కాళ్లలో సత్తువ పోయింది. వంగిన వెన్నెముక లోపల నరాలను నొక్కేస్తోందన్నారు. హైదరాబాదులో ఆపరేషన్ చేసినా పూర్తిగా బాగవుతుందన్న నమ్మకం ఇవ్వలేదు. చేయించి తీసుకొచ్చి నల్లగొండ దవాఖానలోనే మగవాళ్ల వార్డులో ఉంచారు. ఆ వార్డుకు సిస్టరు సుజాత.

చూడ్డానికి నేను సాయంత్రం వెళ్లాను. మంచం మీద ఆయన ఒక్కడే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పక్క స్టూలు మీద మంచినీళ్ల గ్లాసు, చెయ్యి చాపితే అందనంత దూరంలో. వదినె వరండాలో గోడకానుకుని కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంటోంది. ఏమైంది వదినె అంటే, "ఆరు కొట్టింది, ఆడోళ్లు ఉండొద్దంట. బోర్డు మీద ఉన్నదంట. ఎవలు రాలే, ఎవలు పొమ్మనలే. ఆయనే ఎల్లగొట్టిండు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. లోపలికి పోయి, "వకీల్ సాబ్, మీకు దిమాక్ ఉన్నదా? నీళ్లెవరు తాపుతరు మీకు?" అన్నాను.

"అందరి ఆడోళ్లు పోయిండ్రు పంతులూ. నా భార్య ఒక్కతె ఉంటె ఎట్ల? నేను వకీలుననా, సిస్టరు నాకు ఎరుకైందనా?"

అప్పుడే సుజాత మందుల ట్రే పట్టుకుని వచ్చింది. ఆయన వార్డులోకి వచ్చినప్పటి నుంచి ఆమె సూదులు వేస్తోంది, జ్వరం చూస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు. మా మాటలు వింది. ట్రే కింద పెట్టి, వరండాలోకి పోయి, వదినె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, స్టూలు మీద కూర్చోబెట్టింది. గ్లాసు చేతికిచ్చింది.

"ఈమె ఈడనే ఉంటది," అంది.

"సిస్టరమ్మా, గట్ల..."

"ఉంటది. నేను చెప్తున్న. గీ వార్డుల నోరు మూసుకోని పండుకోవాలె. లేకుంటె సూది పెద్దది వేస్త."

ఆయన మెడ తిప్పలేడు. కుర్చీ కూడా లేదు తిరగడానికి. కళ్లు మాత్రం తిప్పి ఆమెను చూశాడు. వదినె చెంచాతో నీళ్లు పోసింది. తాగాడు. పక్క మంచాల మీది మగవాళ్లంతా చూస్తున్నారు. వాళ్లలో ఒకతని గ్లాసు కింద పడి దొర్లిపోయి ఉంది. ఎత్తి ఇవ్వడానికి ఎవరూ లేరు. వకీలు కళ్లు ఆ గ్లాసు మీద ఆగాయి. అది నేను చూశాను. నాకు తెలిసిపోయింది. ఓరి దేవుడా, మొదలైంది అనుకున్నాను.

మొదలైంది. డిశ్చార్జి అయి ఇంటికి పోయిన మనిషి, రెండు కర్రల మీద నాలుగడుగులు వేయడం వచ్చిందో లేదో, రిక్షా కట్టించుకుని దవాఖానకు తిరిగి వచ్చాడట. సుజాత ముందు నిలబడి, "నా భార్యను ఉంచుకున్నవు. మంచిగనే చేసినవు. పక్క మంచమాయన భార్యను ఎవరు ఉంచుకుంటరు? రేపు నీ జాగల ఇంకో సిస్టరు వస్తె?" అన్నాడట.

"ఇయ్యాల్టికి నన్ను విడిచిపెట్టుండ్రి సార్. మీకు దండం పెడత," అందట సుజాత.

విడిచిపెడితే ఆయనెందుకవుతాడు? పెద్ద డాక్టరుకు అర్జీ. జవాబు రాకపోతే మళ్లీ అర్జీ. వారానికోసారి రిక్షా. ఆయన గొంతు వరండాలో వినబడగానే పెద్ద డాక్టరు వెనక తలుపు నుంచి వార్డులకు పోయేవాడట. చివరికి వేగలేక ఒప్పుకున్నారు. లేవలేని రోగి దగ్గర ఇంటి ఆడమనిషిని ఒకరిని ఉండనియ్యవచ్చునని బోర్డు మీద ఒక వరస కలిపి రాయించారు. పీడ విరగడైందనుకున్నారు. మర్నాడే రిక్షా వచ్చింది. "వచ్చును ఏంది? వచ్చును అంటె వద్దన్న అనొచ్చు. వలెను అని రాయుండ్రి," అని బోర్డు కింద బెంచీ మీద కూర్చున్నాడట, పెయింటరును పిలిపించేదాకా.

"ఆ ఒక్క మాటకు గంత లొల్లి అవసరమా సార్?" అని సుజాత అడిగిందట. ఈ కథంతా ఆమె ఫోన్లో నాకు విసుక్కుంటూనే చెప్పింది. "ఏమన్నడో తెలుసా? నిన్ను అచ్చంపేట పంపింది ఆ ఒక్క మాటనే గద బిడ్డా, అన్నడు. నా మొహం మీదనే. సిగ్గు లేకుంట." మళ్లీ తనే, "కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడు గూడ," అంది. "నాకైతె ఇంక కోపం పోలే."

జలీల్ ఫోన్ చేసిన మూడోరోజు నేను నల్లగొండ వెళ్లాను. వదినెను చూసి, ఆమె చెప్పిందంతా విని, జలీలూ నేనూ దవాఖాన వైపు నడిచాం. సుజాతకు డ్యూటీ, వదినె దగ్గరికి రాలేకపోయింది. మేము వార్డులోకి పోయేసరికి సాయంత్రం గంట కొట్టారు. ఆడవాళ్లు గిన్నెలూ టిఫిన్ డబ్బాలూ సర్దుకుని లేస్తున్నారు. ఒక మంచం దగ్గర మాత్రం నేల మీద కూర్చున్న ముసలామె కదల్లేదు. మంచం మీది మనిషి కొడవలిలా వంగి పక్కకు ఒరిగి ఉన్నాడు.

కొత్తగా చేరిన వాచ్‌మన్ కర్ర నేలకు తాటించాడు. "లెవ్వవ్వా, టైమైంది."

"నేను పోను బిడ్డా. మా అసుంటోళ్లను ఉండనియ్యాలని గా బోర్డు మీద ఉన్నదంట."

"నీకు చదువొస్తదా?"

"నాకు రాదు. నీకు రాదా?"

వాచ్‌మన్ సుజాత వైపు చూశాడు. సుజాత చార్టు రాసుకుంటోంది, తల ఎత్తలేదు. అతను బోర్డు దగ్గరికి పోయి, ఒక మాట చెక్కేసి దాని మీద ఇంకో మాట రాసిన చోట ముదురు రంగు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. ఇంకేమైనా ఉందేమోనని కిందికి కూడా చూశాడు. తర్వాత కర్ర చంకలో పెట్టుకుని పక్క వార్డుకు వెళ్లిపోయాడు.

ముసలామె లేచి కొంగు దులిపి, మంచం అంచున కూర్చుని, భర్త కాళ్లు ఒళ్లోకి తీసుకుని పిసకడం మొదలుపెట్టింది.